నాలుక వెనకాల పుట్టే కంపు

తెలుగులో పాచి అనే మాట రెండు చోట్ల వినిపిస్తుంది. బావి మెట్ల మీదా నీళ్ల తొట్టి అంచునా పట్టే జారుడు పొర పాచి. రాత్రి మిగిలిన అన్నం తెల్లారేసరికి వాసన వేస్తే అది పాచిపోయింది. పొద్దున్నే ముఖం కడుక్కోకముందు ఉన్న నోటిని పాచినోరు అంటున్నప్పుడు ఈ రెండు అర్థాలూ కలిసే పలుకుతాయి. నోటి దుర్వాసన మీద గత అరవై ఏళ్లుగా జరిగిన పరిశోధన తేల్చింది కూడా దాదాపు ఇదే: నోట్లో ఒక పొర ఉంది, ఆ పొరలో మాంసకృత్తులు పాచిపోతున్నాయి. ఇంతవరకు పెద్దగా పేచీ లేదు. ఆ పొరను చంపాలా, గీకేయాలా, మచ్చిక చేసుకోవాలా, లేక దాన్ని అలాగే ఉండనిచ్చి దాని నుంచి వచ్చే వాయువును మాత్రం పట్టేయాలా అన్న దగ్గర పరిశోధకులు నాలుగు దారులు పట్టారు. ఏ దారి ఎంత దూరం తీసుకెళ్లిందో చెప్పడం మాత్రం అనుకున్నంత తేలిక కాలేదు, ఎందుకంటే వాసనను కొలవడమే ఒక పెద్ద చిక్కు.

కెనడాలోని వాంకూవర్‌లో, బ్రిటిష్ కొలంబియా విశ్వవిద్యాలయంలో పనిచేసిన జోసెఫ్ టాంజెటిచ్ ఈ రంగానికి రసాయన పునాది వేశారు. అప్పటిదాకా నోటి కంపుకు కారణం ఫలానా అని ఎవరికి తోచింది వారు చెప్పేవారు. 1971లో ఆయన నోట్లోని గాలిని గ్యాస్ క్రొమటోగ్రఫీ పద్ధతిలో విడదీసి, అందులో గంధకం కలిసిన మూడు వాయువులు ప్రధానమని చూపించారు. మొదటిది హైడ్రోజన్ సల్ఫైడ్, అంటే కుళ్లిన కోడిగుడ్డు వాసన. రెండోది మిథైల్ మెర్కాప్టాన్. వంట గ్యాస్ లీకైతే తెలియడానికి సిలిండర్లలో కలిపే ఈథైల్ మెర్కాప్టాన్‌కు ఇది దగ్గరి చుట్టం; అతి స్వల్పంగా ఉన్నా ముక్కు పసిగట్టేస్తుంది. మూడోది డైమిథైల్ సల్ఫైడ్. మాంసకృత్తులలో ఉండే సిస్టీన్ అనే అమైనో ఆమ్లాన్ని బ్యాక్టీరియా విరిచినప్పుడు మొదటి వాయువు, మిథియోనిన్‌ను విరిచినప్పుడు రెండోది పుడతాయి. చిగుళ్ల వ్యాధి ఉన్నవారి నోట్లో హైడ్రోజన్ సల్ఫైడ్‌తో పోలిస్తే మిథైల్ మెర్కాప్టాన్ పాలు ఎక్కువగా ఉంటుందని తర్వాతి పరిశోధనలలో బయటపడింది. ఈ వాయువులు ముక్కుకు ఇబ్బంది కలిగించి ఊరుకోవనీ, చిగుళ్ల పైపొరను గుల్లబరిచి ఇతర విషపదార్థాలు లోపలికి ఇంకేలా చేస్తాయనీ టాంజెటిచ్ బృందం ప్రయోగశాలలో గమనించింది.

ఈ విరిచే పని ఎక్కువగా జరిగేది పళ్ల మీద కాదు, నాలుక మీద. అందులోనూ బ్రష్షు చేరని వెనక మూడో వంతు మీద. నాలుక ఉపరితలం నున్నగా కాక తివాచీలా సన్నని మొనలతో నిండి ఉంటుంది. ఆ మొనల సందుల్లో రాలిన చర్మకణాలు, తెల్ల రక్తకణాలు, ముక్కు వెనక నుంచి జారే చీమిడి, తిండి తునకలు చేరతాయి. గాలి చొరబడని ఆ లోతుల్లో ఆక్సిజన్ అక్కరలేని బ్యాక్టీరియా కాపురం పెడుతుంది. పోర్ఫిరోమొనాస్ జింజివాలిస్, ట్రెపొనెమా డెంటికోలా, ఫ్యూసోబ్యాక్టీరియం న్యూక్లియాటం, ప్రెవొటెల్లా ఇంటర్మీడియా, సోలోబ్యాక్టీరియం మూరీ వంటివి ఈ వ్యవహారంలో తరచూ వినిపించే పేర్లు.

ఇక్కడ ఒక సంగతి చాలామంది పొరబడేది. పళ్లు పుచ్చడానికి కారణమయ్యే బ్యాక్టీరియా వేరు, కంపు పుట్టించేది వేరు. మొదటిది చక్కెర తిని ఆమ్లాన్ని వదులుతుంది. రెండోది మాంసకృత్తుల మీద బతుకుతుంది, ఆమ్లం తగ్గి క్షార గుణం పెరిగినప్పుడు చురుకవుతుంది. అందువల్లే ఒక్క పన్నయినా పుచ్చని మనిషికి నోరు వాసన రావచ్చు, నోటినిండా పుచ్చుపళ్లున్న మనిషికి రాకపోవచ్చు. ఉపవాసం రోజున ఏమీ తినకపోయినా నోరు వాసన వేయడం కూడా దీనితోనే అర్థమవుతుంది: బ్యాక్టీరియాకు కావలసిన మేత నోట్లో రాలే కణాల నుంచే దొరుకుతుంది, నమలడం లేనందున లాలాజలం ఊరడం తగ్గిపోతుంది, కడిగేసే ప్రవాహం నిలిచిపోతుంది. దీర్ఘ ఉపవాసంలో కొవ్వు కరగడం వల్ల ఊపిరిలో చేరే అసిటోన్ దీనికి అదనం. నిద్రలో జరిగేదీ దాదాపు ఇంతే. రోజుకు సుమారు అర లీటరు నుంచి లీటరున్నర దాకా ఊరే లాలాజలం రాత్రివేళ దాదాపు ఆగిపోవడమే పాచినోటికి మూలం.

కొలత దగ్గరికి వస్తే, మొదటి పరికరం మనిషి ముక్కే. శిక్షణ పొందిన పరీక్షకుడు సుమారు పది సెంటీమీటర్ల దూరంలో ముక్కు పెట్టి, ఎదుటి మనిషి వదిలే గాలికి 0 నుంచి 5 దాకా మార్కులు వేస్తాడు. వాసన లేకపోతే సున్నా, భరించలేనంత ఉంటే ఐదు. పరీక్షకు ముందు వెల్లుల్లి, ఉల్లి, కాఫీ, అత్తరు వంటివి మానాలి. ఈ నియమం పరీక్షకుడికీ వర్తిస్తుంది. ఇది నాగరికంగా కనిపించని పద్ధతి, పైగా ఇద్దరు పరీక్షకుల మార్కులు ఎప్పుడూ ఒకేలా రావు. ఇజ్రాయెల్‌లోని టెల్ అవీవ్ విశ్వవిద్యాలయానికి చెందిన సూక్ష్మజీవ శాస్త్రవేత్త మెల్ రోజెన్‌బర్గ్ 1990ల ఆరంభంలో హాలీమీటర్ అనే చిన్న యంత్రాన్ని వాడుకలోకి తేవడంలో ముఖ్యపాత్ర వహించారు. కొద్ది నిమిషాలు నోరు మూసుకున్న తర్వాత పెదవుల మధ్య ఒక స్ట్రా పెడితే, నోట్లోని గంధక వాయువులు వంద కోట్ల పాళ్లలో ఎన్ని పాళ్లున్నాయో అది చూపిస్తుంది. అంకె కనబడగానే పరిశోధన పత్రాలు వెల్లువెత్తాయి. కానీ ఆ యంత్రానికి హైడ్రోజన్ సల్ఫైడ్ తెలిసినంత బాగా మిథైల్ మెర్కాప్టాన్ తెలియదు. గంధకం లేకపోయినా కంపు కొట్టే ఇండోల్, కాడావెరిన్ వంటి పదార్థాలు దానికి అసలే కనబడవు. తర్వాత జపాన్ నుంచి వచ్చిన ఓరల్‌క్రోమా మూడు వాయువులనూ విడివిడిగా చూపుతుంది, అయినా అదీ గంధకం దగ్గరే ఆగుతుంది.

సొంత ముక్కు మాత్రం ఈ పనికి పనికిరాదు. తమ నోటి వాసనకు తామే మార్కులు వేసుకోమని రోజెన్‌బర్గ్ బృందం కొందరిని అడిగితే, ఆ మార్కులకూ పరీక్షకుడి మార్కులకూ పొంతన కుదరలేదు. ఉమ్మిని విడిగా ఒక పాత్రలో పట్టి వాసన చూసినప్పుడే వారి అంచనా కొంత దారిలో పడింది. అరచెయ్యి అడ్డం పెట్టుకుని ఊదుకుని వాసన చూసుకునే అలవాటు వల్ల తెలిసేది అంతంతమాత్రమే.

కంపు కడుపులోంచి వస్తుందన్న నమ్మకం మన ఇళ్లలో గట్టిది. అజీర్ణమనో, ఒంట్లో వేడి చేసిందనో అంటారు. కడుపుకూ నోటికీ మధ్య అన్నవాహిక మామూలుగా మూసుకునే ఉంటుంది, తేన్పు వచ్చినప్పుడు తప్ప. బెల్జియంలోని లూవెన్ విశ్వవిద్యాలయ ఆసుపత్రిలో నోటి దుర్వాసన కోసమే నడిపిన విభాగానికి వచ్చిన 2,000 మంది వివరాలను మార్క్ క్విరినెన్, ఆయన సహచరులు 2009లో ప్రచురించారు. వారిలో సుమారు 76 శాతం మందికి కారణం నోట్లోనే ఉంది. ఒక్క నాలుక మీది పాచి పొరే 43 శాతం మందిలో కారణం, చిగుళ్ల వ్యాధి 11 శాతం మందిలో, రెండూ కలిసి 18 శాతం మందిలో. ముక్కు, గొంతు, జీర్ణకోశం, తక్కినవన్నీ కలిపినా చిన్న వాటాయే. దంతవైద్యం, ముక్కు-చెవి-గొంతు వైద్యం, మానసిక వైద్యం ఒకే గదిలో కూర్చుంటే తప్ప ఇలాంటి లెక్క తేలేది కాదు, ఈ అధ్యయనం బలమంతా అక్కడే ఉంది.

నోటి బయట పుట్టే కంపును గుర్తుపట్టడానికి ఒక సులువైన దారి ఉంది: నోరు మూసి ముక్కుతో వదిలిన గాలిలోనూ అదే వాసన ఉందా అని చూడడం. ఉంటే అది ముక్కులోదైనా కావాలి, రక్తం ద్వారా ఊపిరితిత్తులకు చేరినదైనా కావాలి. వెల్లుల్లి దీనికి ఇంటింటి ఉదాహరణ. ఆవకాయలో వెల్లుల్లి రెబ్బలు నమిలిన తర్వాత ఎంత తోమినా పోని వాసన నోటిది కాదు. పేగులో పీల్చుకోబడి, రక్తంలో తిరిగి, ఊపిరిలో బయటికి వచ్చే అల్లైల్ మిథైల్ సల్ఫైడ్‌దని 1999లో అమెరికాలో జరిగిన ఒక ప్రయోగం చూపింది. ఇంకా అరుదైన ఉదాహరణ నెదర్లాండ్స్ నుంచి వచ్చింది. ఏం చేసినా పోని, ఉడికిన క్యాబేజీని తలపించే ఊపిరి ఉన్న ఐదుగురిలో సెలెన్‌బీపీ1 అనే జన్యువు దెబ్బతిన్నదనీ, మిథైల్ మెర్కాప్టాన్‌ను విరిచే ఎంజైము వారి ఒంట్లో పనిచేయడం లేదనీ 2018లో తెలిసింది. ఇటువంటివారు ఎన్ని సీసాల మౌత్‌వాష్ వాడినా ఫలితం ఉండదు.

ఇక అదుపు చేసే ప్రయత్నాల సంగతి. అన్నిటికంటే పాతదీ, వ్యాపారంలో అన్నిటికంటే పెద్దదీ చంపే దారి. 1879లో అమెరికాలో శస్త్రచికిత్సల క్రిమినాశకంగా పుట్టిన లిస్టరిన్, 1920ల ప్రకటనలతో నోటి వాసన మందుగా మారిపోయింది. ఆ ప్రకటనలు జనానికి మందుకంటే ముందు భయాన్ని అమ్మాయి అనడం అతిశయోక్తి కాదు. నేటి పుక్కిలింత మందులలో క్లోర్‌హెక్సిడిన్, సెటైల్‌పిరిడినియం క్లోరైడ్ ప్రధానం. ప్రయోగశాల గొట్టంలో ఇవి బ్యాక్టీరియాను నిమిషాల్లో తుడిచిపెడతాయి. నోట్లో పొరగా అతుక్కున్న బ్యాక్టీరియా దగ్గర కథ మారుతుంది, ఈ తేడా తెలిసి మూడు వందల ఏళ్లు దాటింది కూడా. నెదర్లాండ్స్‌లోని డెల్ఫ్ట్ నగరంలో బట్టల వ్యాపారం చేసిన ఆంటోనీ వాన్ లేవెన్‌హుక్ తన పళ్ల పాచిని సొంతంగా చేసుకున్న సూక్ష్మదర్శిని కింద చూసి, అందులో కదిలే జీవుల గురించి 1683లో లండన్ రాయల్ సొసైటీకి రాశాడు. ఘాటైన వెనిగర్‌తో నోరు పుక్కిలించినా పళ్ల సందుల్లోని జీవులు బతికే ఉన్నాయనీ, గీకి తీసిన పాచిలో వెనిగర్ కలిపితే మాత్రం చచ్చిపోయాయనీ గమనించి, వెనిగర్ పొర పైభాగాన్ని దాటి లోపలికి పోలేదని తేల్చాడు. పుక్కిలింత మందుల మీద ఇదే మొదటి పరీక్ష అనుకుంటే, తర్వాత వచ్చిన చాలా పరీక్షల కంటే ఇది నిజాయితీగా జరిగింది. మందు పైపొరను చంపుతుంది, అడుగున మిగిలినవి కొద్ది గంటల్లో మళ్లీ నిండుతాయి.

చంపడానికి కూడా ఒక ధర ఉంది. క్లోర్‌హెక్సిడిన్ ఎక్కువ రోజులు వాడితే పళ్లు, నాలుక గోధుమ రంగుకు తిరుగుతాయి, రుచి చెడుతుంది. ఇది దంతవైద్యులందరికీ తెలిసిందే. ఊహించనిది మరోటి బయటపడింది. ఆకుకూరలు, బీట్‌రూట్ నుంచి ఒంట్లోకి చేరే నైట్రేట్ లాలాజలంలోకి వచ్చినప్పుడు, నాలుక మీది కొన్ని బ్యాక్టీరియాలు దాన్ని నైట్రైట్‌గా మారుస్తాయి. మింగిన ఆ నైట్రైట్ ఒంట్లో నైట్రిక్ ఆక్సైడ్‌గా మారి రక్తనాళాలను సడలిస్తుంది. లండన్‌లోని క్వీన్ మేరీ విశ్వవిద్యాలయంలో అమృతా అహ్లువాలియా బృందం 2013లో 19 మంది ఆరోగ్యవంతుల చేత వారం రోజులు క్లోర్‌హెక్సిడిన్‌తో పుక్కిలింపజేసింది. నోట్లో నైట్రైట్ తయారీ దాదాపు 90 శాతం పడిపోయింది, రక్తపోటు 2 నుంచి 3.5 మిల్లీమీటర్ల మేర పెరిగింది. ఇది చిన్న అధ్యయనం, దీన్ని పట్టుకుని మౌత్‌వాష్ బీపీ తెస్తుందని చాటింపు వేయకూడదు. అయినా నాలుక మీద కంపు పుట్టించేవారూ రక్తపోటును కాచేవారూ ఒకే వీధిలో ఉంటారన్న సంగతి ఇందులో స్పష్టం. వీధినంతా తగలబెట్టే మందుకు ఆ తేడా తెలియదు.

రెండో దారి, వాయువును పట్టేయడం. జింకు అయాన్లు గంధకంతో కలిసి కరగని, వాసన లేని జింక్ సల్ఫైడ్‌గా మారతాయి; బ్యాక్టీరియాను చంపాలన్న పట్టింపు ఇక్కడ అంతగా ఉండదు. నార్వేలోని ఓస్లో విశ్వవిద్యాలయంలో అలిక్స్ యంగ్, ఆమె సహచరులు 2003లో ఒక ముచ్చటైన విషయం గమనించారు. జింకును ఒంటరిగా వాడిన దానికంటే, చాలా తక్కువ పాళ్లలో క్లోర్‌హెక్సిడిన్‌ను జతచేసి వాడితే ఫలితం రెంటి మొత్తాన్నీ మించింది. పళ్లకు మరకలు పడేంత మోతాదు అవసరం లేకపోవడం దీని మంచి గుణం. వాయువు తగ్గినా పొర అలాగే ఉంటుంది కాబట్టి ప్రభావం తీరాక మళ్లీ పుక్కిలించక తప్పదు. ఇప్పటిదాకా చేసిన ప్రయోగాలలో ఆశ్చర్యాలు తక్కువగా ఉన్న దారి బహుశా ఇదే.

మూడోది గీకడం. దీనికి మన దేశంలో పరిచయం అక్కరలేదు. నాలుకబద్దలు బంగారం, వెండి, రాగి, తగరం, ఇత్తడితో చేయించుకోవాలని చరకసంహిత సూత్రస్థానంలోనే ఉంది. వేపపుల్లతో పళ్లు తోముకుని, ఆ పుల్లనే నిలువునా చీల్చి నాలుక గీసుకోవడం పల్లెల్లో నిన్నమొన్నటి దాకా మామూలు. పాశ్చాత్య దంతవైద్యం ఇటీవల దీన్ని పరీక్షకు పెట్టింది. వైద్య పరీక్షలను జల్లెడ పట్టి బేరీజు వేసే కోక్రేన్ సంస్థ 2006లో చేసిన సమీక్షకు నిలిచినవి రెండే పరీక్షలు, వాటిలో పాల్గొన్నవారు 40 మంది. బ్రష్షుతో నాలుక రుద్దడం కంటే బద్దతో గీకడం వల్ల గంధక వాయువులు కాస్త ఎక్కువ తగ్గాయి, అయితే ఆ తగ్గుదల అర గంట దాటి నిలిచిందనడానికి ఆధారం దొరకలేదు. పాత అలవాటుకు అండ దొరికిందని సంబరపడేవారు ఈ రెండో ముక్కను తరచూ మరిచిపోతారు. రోజూ గీకడం వల్ల నెలల తర్వాత ఏమవుతుందన్నది వేరే ప్రశ్న, ఆ పరీక్షలు దాని జోలికి పోలేదు.

నువ్వుల నూనెను నోట్లో పోసుకుని పది పదిహేను నిమిషాలు అటూ ఇటూ తిప్పి ఉమ్మే ఆయిల్ పుల్లింగ్ 1990లలో తెలుగునాట పెద్ద ఊపు మీద నడిచింది, సర్వరోగ నివారిణి అన్న పేరు కూడా తెచ్చుకుంది. ఆ పేరును పక్కన పెడితే నోటి మటుకు దీనికి ఒక తర్కం ఉంది, అది విచిత్రంగా టెల్ అవీవ్‌లోనే దొరుకుతుంది. 1980లో రోజెన్‌బర్గ్, సహచరులు చమురును తినే బ్యాక్టీరియాను పరిశీలిస్తూ, కొన్ని బ్యాక్టీరియాలు నీటిని వదిలి నూనె బొట్లకు అతుక్కుంటాయని చూశారు. నోటి బ్యాక్టీరియాలోనూ చాలావాటికి ఈ గుణముంది. దీని ఆధారంగానే ఆయన పైన నూనె, కింద నీరు విడివిడిగా నిలిచే రెండు పొరల మౌత్‌వాష్ తయారుచేశారు. వాడే ముందు సీసా కుదిపితే నూనె చిన్న బొట్లుగా విడిపోతుంది, అందులోని సెటైల్‌పిరిడినియం క్లోరైడ్ బ్యాక్టీరియా ఆ బొట్లకు మరింత గట్టిగా అంటుకునేలా చేస్తుంది, ఉమ్మేసినప్పుడు సింకులో రంగు పట్టిన తునకలు కనిపిస్తాయి. నూనె పుక్కిలించడం మీద 2011లో తమిళనాడు దంతవైద్యులు 20 మంది కౌమార వయస్కులతో చేసిన పరీక్షలో నువ్వుల నూనె, క్లోర్‌హెక్సిడిన్ దాదాపు సమానంగా పనిచేశాయి. ఇరవై మందితో సమానమని తేలడం అంటే తేడాను పట్టుకునే బలం ఆ పరీక్షకు లేకపోయి ఉండవచ్చు కూడా.

నాలుగోది మచ్చిక. 2003లో అమెరికాలో 11 మంది నాలుకల మీది బ్యాక్టీరియాను జన్యు పద్ధతిలో గుర్తించినప్పుడు, కంపు లేనివారి నాలుక మీద స్ట్రెప్టోకాకస్ సలివేరియస్ అనే బ్యాక్టీరియా అన్నిటికంటే ఎక్కువగా ఉంది. కంపు ఉన్నవారిలో అది దాదాపు కనుమరుగైంది, సోలోబ్యాక్టీరియం మూరీ వారందరిలోనూ ఉంది. న్యూజీలాండ్‌లో డునెడిన్ నగరంలోని ఒటాగో విశ్వవిద్యాలయంలో జాన్ ట్యాగ్ అప్పటికే ఏళ్లుగా ఈ సలివేరియస్‌లోని కె12 అనే రకాన్ని పెంచుతున్నారు. గొంతునొప్పి తెచ్చే స్ట్రెప్టోకాకస్‌ను అది అణచివేస్తుందన్నది ఆయన అసలు ఆసక్తి. అది వదిలే సలివరిసిన్ అనే పదార్థాలు ఇరుగుపొరుగు బ్యాక్టీరియాను దగ్గరికి రానివ్వవు. 2006లో 23 మంది మీద ఆ బృందం ప్రాథమిక పరీక్ష చేసింది: మొదట మూడు రోజులు క్లోర్‌హెక్సిడిన్‌తో నేలను ఖాళీ చేసి, తర్వాత కె12 ఉన్న చప్పరించే బిళ్లలు ఇచ్చింది. వారం తర్వాత కె12 తీసుకున్నవారిలో 85 శాతం మందికి, ఉత్త బిళ్ల తీసుకున్నవారిలో 30 శాతం మందికి గంధక వాయువులు చెప్పుకోదగ్గంత తగ్గాయి. పొలంలో కలుపు తీసి పంట విత్తే పద్ధతి ఇది. విత్తిన పంట ఆ నేలలో ఎన్నాళ్లు నిలుస్తుందన్నదే ప్రశ్న; బిళ్లలు ఆపేస్తే కొత్త అతిథి క్రమంగా పలచబడిపోవడం ఇలాంటి ప్రయోగాలలో సాధారణమే. పైగా సలివరిసిన్‌లు గట్టిగా పనిచేసేది తమ జాతికి దగ్గరి బ్యాక్టీరియా మీద. కంపులో పెద్ద పాత్ర ఉన్నవాటిలో చాలా భాగం దూరపు జాతులవి.

ఈ నాలుగు దారులనూ 2019లో కోక్రేన్ సమీక్షకులు ఒకచోట పెట్టి చూశారు. 44 పరీక్షలు లెక్కకు వచ్చాయి, పాల్గొన్నవారు మొత్తం 1,809 మంది. సగటున పరీక్షకు నలభై ఒక్కరు. వాటిలో చాలా పరీక్షలు కొద్ది వారాలకు మించి నడవలేదు. ఏ చికిత్స గురించైనా దొరికిన ఆధారం తక్కువ, లేదా మరీ తక్కువ నమ్మకమైనదని వారు తేల్చారు. దీని అర్థం ఏదీ పనిచేయదని కాదు; ఏది దేనికంటే ఎంత మెరుగో ఇప్పటి పరీక్షలు చెప్పలేవని. అరవై ఏళ్ల రంగంలో రసాయనం ఇంత స్పష్టంగా ఉండి చికిత్స ఇంత మసకగా ఉండడానికి ముఖ్య కారణం, ప్రతి ప్రయోగశాలా వేరే యంత్రంతో, వేరే గడువుతో, వేరే ముక్కుతో కొలవడమే. చిగుళ్లకు వాపు, రక్తం ఉన్నవారికి గార తీయించి చికిత్స చేయడం ముందు జరగాలన్న విషయంలో మాత్రం దంతవైద్యులలో భేదాభిప్రాయం లేదు. ఆ పని కాకుండా పుక్కిలింత మందుల పోటీ పెట్టడం చిల్లు మూయకుండా తొట్టి నింపడమే.

లూవెన్ లెక్కలలో మిగిలిన ఒక అంకె ఈ కొలత సమస్యను మరో వైపు నుంచి చూపుతుంది. వచ్చిన 2,000 మందిలో సుమారు 16 శాతం మందికి ముక్కుకు గానీ యంత్రానికి గానీ అందే కంపే లేదు. వీరిలో కొందరు వివరించి చెబితే ఒప్పుకుంటారు. కొందరు ఒప్పుకోరు: ఎదుటివాడు ముక్కు రుద్దుకున్నా, కిటికీ తెరిచినా అది తమ నోటి గురించేనని నమ్ముతారు, చెయ్యి అడ్డం పెట్టుకుని మాట్లాడతారు, పదిమందిలోకి రారు. దంతవైద్యుడు తన పని అయిందని, ఇక మానసిక వైద్యుడిని కలవమని చెప్పాల్సిన చోటు ఇది. చెప్పడం కష్టం, చెప్పినా వెళ్లేవారు తక్కువ. అటువంటి మనిషికి హాలీమీటర్ మీది చిన్న అంకె చూపిస్తే ఊరట కలగాలి. కానీ ఇండోల్‌ను, కాడావెరిన్‌ను చూడలేని యంత్రం తక్కువ చూపినంత మాత్రాన వాసన లేదని తేలిపోదు, ఆ సంగతి ఇంటర్నెట్‌లో చదివి వచ్చే రోగులూ ఉంటారు. అందుకే ఇంత యంత్ర సామగ్రి పక్కన ఉన్నా, వైద్యుడు చివరికి కుర్చీ ముందుకు జరుపుకుని, పది సెంటీమీటర్ల దూరంలో తన ముక్కు పెట్టి వాసన చూస్తున్నాడు.